ఉప్పు చల్లిన రోడ్లపై కారు: మైనపు పూత ఎంతవరకు కాపాడుతుంది?

జనవరి వస్తే తెలుగు ఊళ్లలో వాకిళ్లు ముగ్గుతో తెల్లబడతాయి. అదే నెలలో అమెరికాలోని డెట్రాయిట్ పరిసరాల్లో రోడ్లు ఉప్పుతో తెల్లబడతాయి. మంచు కురుస్తుందని వాతావరణ సూచన రాగానే ఉప్పు లారీలు బయలుదేరతాయి. ఆ రోడ్డు మీద ఒక్కసారి వెళ్లివస్తే చాలు, కారు కింది సగానికి బూడిద రంగు పొర పట్టేస్తుంది. నల్ల కారైనా ఎర్ర కారైనా వారం తిరిగేసరికి అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి.

కార్ల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ నగరం కిందే, సుమారు 350 మీటర్ల లోతున, ఒక పెద్ద ఉప్పు గని ఉంది. దాదాపు 40 కోట్ల సంవత్సరాల క్రితం ఎండిపోయిన సముద్రం మిగిల్చిన ఉప్పు అది. వందేళ్లకు పైగా దాన్ని తవ్వుతున్నారు. ఇప్పుడు అందులోంచి వచ్చేది ప్రధానంగా రోడ్ల మీద చల్లే ఉప్పే. పైన కార్లు తయారుచేసే నగరం, కింద ఆ కార్లను తినేసే ఉప్పు!

అమెరికాలో రోడ్ల మీద ఏటా చల్లే ఉప్పు సుమారు 2 కోట్ల టన్నులు ఉంటుందని అంచనా. మిషిగన్, ఇల్లినాయ్, ఒహాయో, న్యూయార్క్ వంటి మంచు రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఏటా ఎదురయ్యే సమస్యే. చలికాలం వస్తుందనగానే కారు ఉన్నవాళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది: ఏ వ్యాక్స్ పూస్తే వసంతం వరకు నిలుస్తుంది? దుకాణంలో చూస్తే పదుల రకాలు. ఒక డబ్బా మీద ఆరు నెలలు అని ఉంటుంది, మరో దాని మీద ఏడాది అని ఉంటుంది. ఈ మాటల్లో ఎంత నిజమో తేల్చుకోవాలంటే ముందు మూడు విషయాలు తెలియాలి. ఉప్పు ఏం చేస్తుంది, పెయింటు ఏం చేస్తుంది, వాటి మధ్య మైనం చేయగలిగింది ఎంత?

మంచును కరిగించేది, ఇనుమును తినేది

స్వచ్ఛమైన నీరు 0 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. అందులో ఉప్పు కలిస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగిపోతుంది. సోడియం క్లోరైడ్ వాటా బరువులో 23 శాతానికి కాస్త ఎక్కువగా ఉన్న ద్రావణం మైనస్ 21 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం మైనస్ 9, 10 డిగ్రీలు దాటితే మామూలు ఉప్పు చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. అందుకే అంతకంటే చలి ఎక్కువగా ఉన్నప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా వాడతారు.

ఉప్పుకీ లోహానికీ పడదని తెలుగు వంటిల్లు ఎప్పుడో గ్రహించింది. ఊరగాయను జాడీలో పెడతారే కానీ ఇనుప డబ్బాలో పెట్టరు. ఇనుము తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. లోహంలో ఒక చోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి అయాన్లుగా జారుకుంటాయి. మరో చోట ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్, నీరు కలిసి అందుకుంటాయి. ఈ రెండు చోట్ల మధ్య విద్యుత్ వలయం పూర్తికావాలంటే అయాన్లు కదలడానికి ద్రవమార్గం ఉండాలి. మామూలు నీరు ఆ పనిని అంతంతమాత్రంగా చేస్తుంది. ఉప్పునీరు బాగా చేస్తుంది. పైగా క్లోరైడ్ అయాన్లు లోహం మీద సహజంగా ఏర్పడే రక్షక ఆక్సైడ్ పొరను ఛేదిస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. రోడ్డు ఆరిపోయినా, కారు ఆరిపోయినట్టు కనిపించినా, ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర సోడియం క్లోరైడ్ తనంతట తాను చెమ్మగిల్లి కరగాలంటే గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం ఉండాలి. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. కాల్షియం క్లోరైడ్‌కు 30 శాతం దగ్గర కూడా సరిపోతుంది. అంటే ఈ లవణాలు పట్టిన చోటు చాలా రోజులు తడిగానే ఉండిపోతుంది. ఉప్పు ఎంత పడిందన్నది ఒక లెక్కయితే, అది ఎన్ని రోజులు అక్కడే ఉండిపోయిందన్నది అంతకంటే పెద్ద లెక్క.

కాగితమంత మందంలో నాలుగు పొరలు

కారు రంగు ఒకే పూత అనిపిస్తుంది కానీ, ఇప్పటి కార్లలో సాధారణంగా నాలుగు పొరలు ఉంటాయి. మొదట కారు బాడీని మొత్తంగా తొట్టిలో ముంచి, విద్యుత్ సాయంతో తుప్పు నిరోధక పొర వేస్తారు. ఇది సుమారు 20 మైక్రాన్లు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే పొర, అన్నిటికంటే పైన రంగులేని పారదర్శక పొర. ఈ చివరి పొరనే క్లియర్ కోట్ అంటారు. దీని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. అన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యే. ఫొటోకాపీకి వాడే తెల్లకాగితం మందం కూడా దాదాపు 100 మైక్రాన్లే. అంటే గాలి, నీరు, ఉప్పు, ఎండల నుంచి కారు ఉక్కును కాపాడుతున్నది ఒకటిన్నర కాగితం కంటే మందంగా లేని కవచం.

అయినా అది గట్టి కవచమే. క్లియర్ కోట్ ఒకదానితో ఒకటి బంధాలతో అల్లుకున్న పాలిమర్ వల. మామూలు ఉప్పునీరు దాన్ని కరిగించలేదు. తుప్పు మొదలయ్యేది ఈ కవచం తెగిన చోట. ముందు వెళ్లే లారీ చక్రాల నుంచి ఎగిరిన గులకరాయి తగిలిన బానెట్ అంచు, తలుపు కింది అతుకు, చక్రాల పైన మడత, కారు అడుగుభాగం. రాయి తగిలి ఉక్కు బయటపడితే ఉప్పునీరు అక్కడి నుంచి పెయింటు కిందికి పాకుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు రెట్లకు మించి చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును కింది నుంచి పైకి నెడుతుంది. బయటికి కనిపించే చిన్న బుడగ వెనుక నెలల తరబడి సాగిన పని ఉంటుంది.

క్లియర్ కోట్‌కు చలికాలంలో ఉండే అసలు ముప్పు వేరే. ఉప్పుతో పాటు ఇసుక, మట్టి, బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను దాని మీద పేరుకుంటాయి. వాటిని తుడిచినప్పుడల్లా సన్నని గీతలు పడతాయి. ఆ గీతల్ని పోగొట్టాలంటే పాలిష్ చేయాలి. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొన్ని మైక్రాన్ల మేర అరగదీయడమే. అందులోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ఆ మేరకు పోతాయి. ఉన్నదే 50 మైక్రాన్లు. ఏటా పాలిష్ చేసుకుంటూ పోతే ఎంతకాలం మిగులుతుంది?

మైనం పనికొచ్చేది ఇక్కడే. దాని పూత క్లియర్ కోట్‌కు బదులుగా తాను అరిగిపోతుంది. ఆ పూత ఎంత పల్చనో చూడాలంటే చిన్న లెక్క వేయవచ్చు. కారు పెయింటు వైశాల్యం 10 చదరపు మీటర్లు, ఆరిన మైనపు పొర మందం అర మైక్రాన్ అనుకుందాం. రెండింటినీ గుణిస్తే 5 మిల్లీలీటర్లు వస్తుంది, అంటే ఒక టీస్పూను. డబ్బాలోని వ్యాక్స్‌లో చాలా భాగం ఆవిరైపోయే ద్రావకమే కాబట్టి కాస్త ఎక్కువ తీసుకోవాలి. అయినా మొత్తం కారుకు కావలసిన మైనం కొద్ది చెంచాలు మాత్రమే.

తామరాకు చెప్పేది, చెప్పనిది

వ్యాక్స్ పూసిన బానెట్ మీద నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలబడతాయి. తామరాకు మీద నీటిబొట్టు గుర్తుకొస్తుంది. నీటి అణువులకు ఒకదాని మీద మరొకదానికి ఆకర్షణ ఎక్కువ. మైనంలోని పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులతో వాటికి పొత్తు తక్కువ. అందుకే నీరు పరుచుకోకుండా ముడుచుకుంటుంది. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. ఈ కోణానికీ ఉపరితల బలాలకూ ఉన్న సంబంధాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1805లోనే వివరించాడు. నునుపైన మైనం మీద ఇది సుమారు 105 నుంచి 110 డిగ్రీలు. తామరాకు మీద 150 డిగ్రీలు దాటుతుంది. తామరాకు మీద మైనంతో పాటు కంటికి కనిపించని సూక్ష్మమైన బొడిపెలు కూడా ఉండటమే దీనికి కారణం. ఆ నిర్మాణం ఆకును శుభ్రంగా ఎలా ఉంచుతుందో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో ప్రచురించిన పరిశోధనతో లోకానికి బాగా తెలిసింది.

కారు తామరాకు కాదు. నునుపైన కారు మీద పెద్ద బొట్లు జారిపోతాయి కానీ చిన్నవి అంటుకుని ఉండిపోతాయి. బొట్టును కిందికి లాగే బరువు దాని వ్యాసార్ధపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పట్టి ఉంచే బలం చుట్టుకొలతను బట్టి, అంటే వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతుంది. బొట్టు చిన్నదయ్యేకొద్దీ పట్టే గెలుస్తుంది. అలా నిలిచిపోయిన ఉప్పునీటి బొట్టు ఆరితే అక్కడ గుండ్రని తెల్లమచ్చ మిగులుతుంది. ఎంత మంచి వ్యాక్స్ అయినా కారును కడగకుండా శుభ్రంగా ఉంచలేదు.

బొట్లు ముత్యాల్లా నిలిచినంత మాత్రాన పెయింటుకు రక్షణ పూర్తిగా ఉందని కాదు. అవి నిలవకపోతే పూత పోయినట్టూ కాదు. మైనం మీద సన్నని మురికి పొర చేరినా బొట్లు పరుచుకుంటాయి. కారును షాంపూతో బాగా కడిగి, శుభ్రమైన నీళ్లు చల్లి చూసినప్పుడే పూత సంగతి తెలుస్తుంది. అప్పుడూ నీరు పల్చని పొరగా పరుచుకుని నెమ్మదిగా జారుతుంటే మళ్లీ పూయాల్సిన సమయం వచ్చినట్టే.

ఏ పూత ఎంతకాలం?

పేరున్న సహజ మైనం కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు, ఎండాకాలంలో నీరు ఆవిరైపోకుండా తన ఆకుల మీద ఈ మైనాన్ని పూసుకుంటుంది. ఆకుల్ని కోసి, ఎండబెట్టి, దులిపి దాన్ని సేకరిస్తారు. మిఠాయిలకూ మందు బిళ్లలకూ మెరుపునిచ్చేదీ ఇదే. తేనెపట్టు మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరిగితే, కార్నౌబా 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. సహజ మైనాలన్నింటిలో ఇది చాలా గట్టిది. మెరుపు బాగుంటుంది. కానీ ఉప్పు రోడ్ల మీద, తరచూ కడిగే పరిస్థితుల్లో సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలకు మించి నిలవదు. పెయింటును అది భౌతికంగా అంటిపెట్టుకుని ఉంటుందే తప్ప దానితో రసాయన బంధం ఏర్పరచుకోదు. క్షార గుణం ఉన్న కార్ వాష్ డిటర్జెంట్లు దాన్ని కొంచెం కొంచెంగా తొలగిస్తాయి.

రెండో రకం కృత్రిమ పాలిమర్ సీలెంట్లు. వీటిలో చాలావాటికి ఆధారం సిలికోన్ పాలిమర్లు. కొన్నింటికి అమీన్ సమూహాలు జోడిస్తారు. పెయింటు ఉపరితలాన్ని అవి గట్టిగా పట్టుకుంటాయి. ఇవి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు నిలుస్తాయి. పెట్రోలియం నుంచో లిగ్నైట్ నుంచో వచ్చే గట్టి మైనాలను ఇలాంటి పాలిమర్లతో కలిపి ముద్దగా చేసిన పేస్ట్ వ్యాక్స్‌లు కూడా ఉన్నాయి. మంచు ప్రాంతాల్లో కారును సొంతంగా చూసుకునేవారు చలికాలానికి ఎక్కువగా ఎంచుకునేవి ఈ రెండు రకాలే. మెరుపులో కార్నౌబా కంటే ఒక మెట్టు తక్కువగా అనిపించవచ్చు. కానీ శరత్కాలం చివర పూస్తే వసంతం వరకు నెట్టుకొచ్చే అవకాశం వీటికే ఎక్కువ.

మూడోది సిరామిక్ కోటింగ్. ఇది మైనం కాదు. సిలికాన్ ఆధారిత రసాయనాలు పెయింటు మీద ఆరి, గాజును పోలిన వలగా గట్టిపడతాయి. నెలలు కాదు, సంవత్సరాలు నిలుస్తుంది. అయితే పూసే ముందు పెయింటును పాలిష్ చేసి లోపాలు సరిచేయాలి. పొరపాటు జరిగితే తుడిచి పోగొట్టడం కష్టం. ఖర్చు కూడా ఎక్కువే. దీన్ని కూడా మామూలుగానే కడుగుతూ ఉండాలి. రాయి దెబ్బను ఇదీ ఆపలేదు.

డబ్బా మీది హామీలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, పరీక్షకూ రోడ్డుకూ ఉన్న తేడా. 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వద్ద పొగమంచులా చిమ్మే పరీక్ష దశాబ్దాలుగా ప్రమాణంగా వాడుకలో ఉంది. పూతల్ని పోల్చడానికి అది ఉపయోగపడుతుంది. కానీ ఆ పెట్టెలో గడిపిన గంటల్ని రోడ్డు మీద నెలలుగా మార్చడానికి నమ్మదగిన సూత్రం లేదు. రెండోది, నాన్‌స్టిక్ పెనాల మీద వాడే పీటీఎఫ్‌ఈ ఇందులో ఉందని చెప్పే ప్రకటనలు. ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనం మీద దాన్ని అంతకు మించి వేడిచేసి పొరగా మారుస్తారు. కారు బానెట్ మీద అది జరగదు, కాబట్టి పొడిగానే మిగులుతుంది. పైగా ఇలాంటి ఫ్లోరిన్ సమ్మేళనాలు ప్రకృతిలో సులువుగా విచ్ఛిన్నం కావు. ఫ్లోరిన్ ఉన్న స్కీ వ్యాక్స్‌లను అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 సీజన్ నుంచి పోటీల్లో నిషేధించడానికి ఇలాంటి ఆందోళనలే కారణం.

ఏ వ్యాక్స్ మేలో తేల్చుకోవడానికి ఇంట్లోనే చిన్న ప్రయోగం చేయవచ్చు. బానెట్ మధ్యలో మాస్కింగ్ టేపు అంటించి ఒక పక్క ఒక రకం, రెండో పక్క మరో రకం పూయాలి. అంచున ఒక చిన్న పట్టీని ఏమీ పూయకుండా వదిలేయాలి. ఆ పట్టీ లేకపోతే పోలికకు ఆధారం ఉండదు. కారు కడిగిన ప్రతిసారీ ఒకే చోట నీళ్లు చల్లి, పక్క నుంచి ఫొటో తీసి, తేదీ రాసుకుంటే చాలు. ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే షాంపూ కాబట్టి డబ్బా మీది మాట కంటే ఈ ఫలితాన్నే ఎక్కువ నమ్మవచ్చు.

పూయడానికి ముందే సగం పని

ఖరీదైన వ్యాక్స్ కూడా నెలలోనే పోయిందని చాలామంది అంటుంటారు. ఎక్కువసార్లు తప్పు వ్యాక్స్‌ది కాదు, అది అంటుకున్న చోటుది. మురికి మీద పూసిన మైనం ఆ మురికితోనే ఊడిపోతుంది.

మొదటి మంచు పడకముందే, ఉష్ణోగ్రత కనీసం 10 డిగ్రీలు ఉన్న పొడి రోజున ఈ పని పెట్టుకోవాలి. అంతకంటే చలిగా ఉంటే ద్రావకం సరిగా ఆవిరి కాదు, పూత గట్టిపడదు. ముందు కారును షాంపూతో కడగాలి. కడిగాక శుభ్రమైన అరచేతితో బానెట్‌ను మెల్లగా నిమిరితే గరుకుగా తగులుతుందా? అది పెయింటులో నాటుకున్న ఇనుప రజను, తారు చుక్కలు. ఇనుప రజనును కరిగించే ద్రావణాలు దొరుకుతాయి. ఇనుముతో చర్య జరిపేటప్పుడు అవి ఊదారంగుకు మారతాయి కాబట్టి పని జరుగుతోందని కంటికే తెలుస్తుంది. మిగిలిన గరుకును జారుడు ద్రవం చల్లుతూ క్లే బార్‌తో తీయవచ్చు. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిస్తే పాత నూనెలు పోతాయి.

ఇక వ్యాక్స్. కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లగా ఉండాలి. తడి లేని స్పాంజితో కొద్దిగా తీసుకుని, ఒక్కో భాగం చొప్పున, కనిపించీ కనిపించనంత పల్చగా రాయాలి. మందంగా పట్టిస్తే ఎక్కువ రోజులు నిలుస్తుందన్నది అపోహ. పెయింటును అంటుకునేది అడుగున ఉన్న పల్చని పొరే. మిగతాదంతా తుడిచే గుడ్డకు పోతుంది, పైగా తుడవడం కష్టమవుతుంది. కొన్ని నిమిషాల తర్వాత వేలితో గీసి చూడాలి. వ్యాక్స్ జిడ్డుగా పులుముకోకుండా శుభ్రంగా విడిపోతే తుడవవచ్చు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను మడతలు మారుస్తూ వాడాలి. రెండో పూత అవసరం దేనికంటే, మొదటిసారి వదిలేసిన చోట్లను కప్పడానికి. మొదటి పూతలోని ద్రావకం పూర్తిగా పోవడానికి ఒక రోజు వదిలి రెండోది వేయడం మేలు. ఉప్పు ఎక్కువగా తగిలే తలుపుల కింది భాగం, చక్రాల వెనుక, డిక్కీ తలుపు మీద శ్రద్ధ పెట్టాలి.

అసలు రక్షణ నీళ్లదే

చలికాలం మొదలయ్యాక వ్యాక్స్ చేసే మేలు ఒక్క మాటలో చెప్పాలంటే, కడగడాన్ని సులువు చేస్తుంది. మురికికి పట్టు తగ్గుతుంది కాబట్టి తక్కువ రుద్దుడుతో వదులుతుంది. రుద్దుడు తగ్గితే గీతలు తగ్గుతాయి. ఉప్పును తొలగించేది మాత్రం నీళ్లే.

ఉష్ణోగ్రత సున్నా దాటిన మధ్యాహ్నాలు చూసుకుని, వీలైతే వారం పది రోజులకోసారి కడగాలి. ముందుగా ఎక్కువ ఒత్తిడి ఉన్న నీటితో ఇసుక, ఉప్పు పోయేదాకా దూరం నుంచి కొట్టాలి. ఆ తర్వాతే చేతితో తాకాలి. షాంపూకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి మరో బకెట్ ఉంటే తీసిన ఇసుక మళ్లీ కారు మీదికి రాదు. పీహెచ్ 7 దగ్గర ఉన్న షాంపూ అయితే పూత ఎక్కువ రోజులు నిలుస్తుంది. గిన్నెలు తోమే ద్రవం జిడ్డునే కాదు, మైనాన్ని కూడా వదిలిస్తుంది. కడిగాక తలుపుల అంచుల్ని తుడవకపోతే రాత్రికి రబ్బరు సీళ్లు గడ్డకట్టి తలుపులు తెరుచుకోవు.

వేడి చేసిన గ్యారేజీలో పెడితే కారు భద్రమనుకుంటారు. ఉప్పు పట్టిన కారుకు అది మేలు కంటే కీడే చేయవచ్చు. బయటి గడ్డకట్టే చలిలో రసాయన చర్యలు మందగిస్తాయి. వెచ్చటి గ్యారేజీలో మంచు కరిగి ఉప్పునీరవుతుంది, తుప్పు వేగం పుంజుకుంటుంది. కడిగి, నీరోడ్చి లోపల పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

ఎవరికీ కనిపించని మైనం

మెరుపు చూసి తృప్తిపడేవారు మరిచిపోయే చోటు కారు అడుగుభాగం. బ్రేకు ద్రవాన్ని మోసే సన్నని ఉక్కు గొట్టాలు అక్కడే ఉంటాయి. అవి తుప్పుపట్టి పగిలితే బ్రేకు పట్టదు. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2015 ఏప్రిల్‌లో ఇదే విషయమై హెచ్చరిక జారీ చేసింది. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరుగుతున్న 2007, అంతకు ముందు నాటి వాహనాల యజమానులు చలికాలమంతా అడుగుభాగాన్ని క్రమం తప్పకుండా కడగాలని, వసంతంలో పూర్తిగా శుభ్రం చేయించాలని, బ్రేకు గొట్టాలను తనిఖీ చేయించాలని సూచించింది. బానెట్ మీద గీతలు పడితే కారు అందం తగ్గుతుంది. బ్రేకు గొట్టం పగిలితే ప్రాణం మీదికొస్తుంది. చేతిలో ఉన్న సమయం, డబ్బు ఒక్క పనికే సరిపోతాయంటే అడుగు కడగడమే ముందు చేయాల్సిన పని.

నిజానికి తుప్పును నేరుగా ఎదుర్కొనే మైనం ఒకటుంది. డబ్బీ వంటి ఖాళీలు ఉండే తలుపుల లోపలికీ, చట్రం గొట్టాల్లోకీ పొడవాటి నాజిల్‌తో చిమ్మే మైనం అది. ద్రావకం ఆవిరయ్యాక అతుకుల సందుల్లోకి పాకి, నీటిని లోహానికి దూరంగా ఉంచుతుంది. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ ఆధారంగా చేసిన పూతలనూ అడుగుభాగానికి వాడతారు. ఇవి వేయించేటప్పుడు తలుపుల కింద నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా, బ్రేకు డిస్కుల మీద చుక్క కూడా పడకుండా చూడాలి. తడి మీద పూస్తే నీరు లోపలే చిక్కుకుంటుంది. రాయి తగిలి రంగు లేచిన చోట మైనం చాలదు. శుభ్రం చేసి టచప్ పెయింట్ వేయాల్సిందే.

మంచు లేని చోట

తెలుగు రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లే అవసరం రాదు. కానీ విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఆ పనిని సముద్రపు గాలి ఏడాది పొడవునా చేస్తుంది. తమిళనాడు కారైక్కుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశంలో వేర్వేరు చోట్ల లోహపు పలకలను ఆరుబయట ఉంచి తుప్పు పటం రూపొందించింది. తుప్పు వేగం ఎక్కువగా తేలింది తీరప్రాంతాల్లోనే. బీచ్‌కు దగ్గరగా కారు నిలిపేవారికి డెట్రాయిట్ పాఠాలు చాలావరకు వర్తిస్తాయి. అడుగు కడగాలి, రాయి దెబ్బల్ని వదిలేయకూడదు, పూతను తరచూ పరీక్షించాలి.

హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల శీతాకాలపు శత్రువు వేరు. రాత్రి కురిసిన మంచులో కారు మీది దుమ్ము తడిసి, తెల్లారి ఎండకు గట్టిపడుతుంది. పొద్దున్నే అదే పాత గుడ్డతో కారంతా తుడిచేయడం అపార్ట్‌మెంట్లలో రోజూ కనిపించే దృశ్యం. ఆ దుమ్ములో గాజంత గట్టి ఇసుక రేణువులు ఉంటాయి. అలా ఏడాది తుడిస్తే క్లియర్ కోట్ మీద సాలెగూడు లాంటి గీతలు తేలతాయి. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే కాల్షియం మచ్చలు మిగులుతాయి. ఇక్కడ వ్యాక్స్ కంటే ముందు మారాల్సింది ఆ గుడ్డ. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి, ఆ తర్వాత శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దితే చాలు. దానికి తోడు నాలుగైదు నెలలకోసారి పాలిమర్ సీలెంట్ పూస్తే రుద్దే అవసరం తగ్గుతుంది.

ఏ ఊరైనా, ఏ డబ్బా కొన్నా, కారు మీద నిలిచేది టీస్పూనంత మైనమే. ఉప్పునూ దుమ్మునూ క్రమం తప్పకుండా కడిగేసే ఇంట్లో ఆ కాస్త చాలు. కడగడం మానేసిన చోట సిరామిక్ కోటింగ్ వేయించినా కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.